చలికాలంలోనూ తిరిగిన ఫ్యాను

ఆమె పేరు రాయను. రాస్తే ఊరుకోదు. పోయింది కదా, ఇంకేం చేస్తుందని మీరనవచ్చు. ఆమె సంగతి తెలియక అంటున్నారు. మనిషి పోయినా కేస్‌షీటు మాత్రం బోర్లించే ఉండాలని మాకు నేర్పిన మనిషి. అందుకని ఇందులో పేరు లేదు, జబ్బు లేదు, ఊర్లు కూడా కొంచెం అటూ ఇటూ చేశాను. ఒక్క ఫ్యానును మాత్రం మార్చడం నా వల్ల కాలేదు. దాన్ని తీసేస్తే ఇందులో ఆమె మిగలదు. ఎవరైనా చదివి పోల్చుకుంటే ఆ ఫ్యాను వల్లనే పోల్చుకుంటారు. పోల్చుకుంటే పోల్చుకోనీ అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది, మళ్లీ భయం వేస్తుంది.

స్టాఫంతా పెద్ద సిస్టర్ అనేవాళ్లు. గూడేల వాళ్లకు సిస్టరమ్మ. నేను అక్కా అనేదాన్ని.

రెండు వారాల కిందట ఒక పొద్దున మా పాత స్టాఫు వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో వచ్చింది, కింద దండం పెట్టే బొమ్మలు. ఎప్పుడు, ఏమైందట, మొన్నటిదాకా బాగానే ఉంది కదా అని ఒకరి తర్వాత ఒకరు. అందులో ఒకామె నన్నే అడిగింది, నువ్వు ఖమ్మంలోనే చేస్తున్నావు కదా, నీకేమీ తెలియలేదా అని. టైపు చేశాను, చెరిపాను. మళ్లీ టైపు చేశాను, మళ్లీ చెరిపాను. చివరికి నేనూ ఒక దండం పెట్టి ఫోను బ్యాగులో పడేశాను. ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఖానాపురం హవేలిలో మా వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగానో. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాను. ఏమైందే అని మా ఆయన అడిగితే ఏమీ లేదన్నాను. ఆయనకైనా చెప్పకూడదు కదా.

పన్నెండేళ్ల కిందట భద్రాచలం అడవి అంచున ఒక చిన్న సర్కారు దవాఖానాలో నేను కాంట్రాక్టు మీద స్టాఫు నర్సుగా చేరాను. ఆమె అక్కడ హెడ్. పొట్టిగా, గట్టిగా ఉండేది. చెప్పులు చప్పుడు కాకుండా నడిచేది. సూది వేసే గదికీ, జనం కూర్చునే బెంచీకీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం, అంతే. ఆ గదిలో ఒక పాత టేబుల్ ఫ్యాను. ముందు జాలీ ఊడిపోతే గుడ్డపేలికతో కట్టారు. వేస్తే గాలి తక్కువ, చప్పుడు ఎక్కువ. గడగడమని గదంతా అదిరేది. ఆడమనిషి ఎవరైనా లోపలికొచ్చి నోరు విప్పబోతే చాలు, ఆమె చెయ్యి ముందు ఆ స్విచ్చు మీదికి పోయేది. పుష్యమాసం చలిలో కూడా అంతే. దుప్పటి కప్పుకుని వచ్చిన ముసలమ్మ వణుకుతూ కూర్చుంటే ఈమె ఫ్యాను వేసేది. పెద్ద సిస్టర్‌కు కొంచెం తిక్క అని నేనూ అనుకున్నాను.

చేరిన వారంలోనే నన్ను బెంచీ మీద కూర్చోమంది. తను లోపలికి పోయి, దవాఖానా ఊడ్చే ఆయమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫ్యాను ఆపి, ఆయమ్మ చేత ఏదో లేని జబ్బు గుసగుసగా చెప్పించింది. బయటికొచ్చి ఏమేం వినపడిందో చెప్పమంది. నేను పాఠం అప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను. సంబరంగానే చెప్పాను, నా చెవులు మంచివని.

"నువ్వు బెంచి మీద కూసున్న మేనత్తవనుకో," అంది. "ఇగ చెప్పు, సాయంత్రానికి ఆమె ముచ్చట ఎన్ని గూడేలకు పోతది?"

ఒకసారి ఎలక్ట్రీషియన్ వచ్చి, గ్రీజు పెడితే ఈ చప్పుడు పోతుందమ్మా అన్నాడు. చప్పుడు పోతే అది నాకెందుకయ్యా అని అతన్ని టీ తాగించి పంపించింది. కరెంటు పోయిన రోజు మరీ తమాషా. కిటికీ పక్కనే బోరింగు ఉండేది. లోపల ఎవరైనా చెప్పుకుంటున్నంతసేపూ ఆయమ్మ ఆ బోరింగు కొడుతూ ఉండాలి. బిందె నిండినా కొట్టాలి. నీళ్లు కాలవ కట్టి గేటు దాకా పోయేవి, ఆయమ్మ తిట్టుకుంటూ కొట్టేది.

నలభై దాటాక ఆమె కోయభాష నేర్చుకుంది. అంతకుముందు గూడెం నుంచి వచ్చిన ఆడవాళ్ల మాట తెలుగులో చెప్పడానికి వెంట వచ్చిన మరిదో, బావో నిలబడేవాడట. దెబ్బ కొట్టినవాడే పక్కన నిలబడి, జారిపడ్డది సిస్టరమ్మా అని చెప్పిన రోజు ఒకటుంది. ఆ మర్నాడే ఒక నోటుబుక్కు కొనుక్కొచ్చింది. వార్డులో ప్రతి మంచం దగ్గరా కూర్చుని ఒక్కో మాట రాసుకునేది. తప్పులు మాట్లాడేది, వాళ్లు నవ్వేవాళ్లు, తనూ నవ్వేది. ఏడాది తిరిగేసరికి వెంట వచ్చినవాణ్ణి బయట కూర్చోమనడం మొదలుపెట్టింది.

ఇంత చేసిన మనిషి సంతలో కనిపిస్తే మాత్రం ఎవరినీ గుర్తుపట్టేది కాదు. సోమవారం సంతలో నేను ఆమె వెనక సంచీ పట్టుకుని నడిచేదాన్ని. ముందు రోజే పురుడు పోసిన పిల్ల తల్లి ఎదురొచ్చినా చూపు వంకాయల మీదే. నాకు ఒళ్లు మండేది. ఇంత పొగరేంది అక్కా అని ఒకరోజు అడిగేశాను. నా నోరు అప్పటికే ఊరంతా ఎరిగిన నోరు.

"నేను ముందుగల పలకరిస్తే పక్కోళ్లు ఏమడుగుతరు? సిస్టరమ్మ నీకెట్ల ఎరుక అంటరు. అప్పుడు ఆమె ఏం చెప్పుకోవాలె?" అంది. "ఆమె పలకరిస్తే నోరారా మాట్లాడుత. ముందు మాట ఆమెది. నాది కాదు."

విన్నాను. తలూపాను. విని తలూపడం వేరు, నోరు అదుపులో పెట్టుకోవడం వేరు.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. ఒక అమ్మాయి ఉండేది. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయేమో. రెండు కాన్పులైతే ఒక ఆడపిల్ల దక్కింది. గుండె బలహీనం. ఇంకో కాన్పు వస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌కు ఇంట్లో ఒప్పుకోలేదు, అత్తకు మనవడు కావాలి. మొగుడు మంచివాడేనట, కానీ తల్లి దగ్గర మాట దాచలేడట. అందుకని ఆ అమ్మాయి సంతకు వచ్చినట్టు వచ్చి మూడు నెలలకోసారి కడుపు రాకుండా సూది వేయించుకుని పోయేది. ఫ్యాను చప్పుడులో ఈ సంగతంతా అక్కకు చెప్పుకుంది. సూది వేసేదాన్ని నేను గనక నాకూ తెలిసింది.

ఒకసారి ఆమె తేదీకి రాలేదు. పది రోజుల తర్వాత నేను భద్రాచలం పోదామని షేర్ ఆటో ఎక్కితే ఎదురుగా ఆ అమ్మాయే ఉంది. పక్కన ఒక పెద్దామె. మా వైపు ఆటోలో మోకాళ్లు తగిలేలా ఎదురుబొదురు కూర్చుని, తెలిసిన మనిషిని పలకరించకపోతే మనిషి పుటక పుట్టలేదన్నట్టు చూస్తారు. పైగా ఆమె క్షేమం గురించే నా బెంగ. చనువుగా, ప్రేమగా, మందలింపుగా అడిగేశాను.

"ఏందమ్మా, సూది తేదీ దాటి పది దినాలాయె, రాకపోతివి? మూడు నెలలకు తప్పొద్దని చెప్పిన్నా లేదా?"

ఆ అమ్మాయి మొహం తిప్పుకుని రోడ్డు చూసింది. ఆ చూపుతోనే నాకు అర్థమైంది. పెద్దామె ఆమెను కోయలో ఏదో అడిగింది, ఆమె రోడ్డే చూస్తూ ఉంది. అప్పుడు నా వైపు తిరిగి, ఏం సూదమ్మా అని తెలుగులో అడిగింది. బలం సూది అన్నాను. మూడు నెలలకోసారి వేసే సూది గురించి ఆశా కార్యకర్త గూడెం గూడెం తిరిగి అప్పటికే చెప్పి ఉంది. పెద్దామె ఇంకేమీ అడగలేదు. ఆమె ఆ అమ్మాయి అత్త.

నేను భద్రాచలం పోలేదు. మధ్యలో దిగి, వెనక్కి వచ్చి అక్క ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. రిజిస్టరు మూసింది, గొడుగు తీసుకుంది, ఒక్కతే గూడేనికి పోయింది. సాయంత్రం వచ్చి చేతులు కడుక్కుని ఏమీ జరగనట్టు కాటన్ ఉండలు చుడుతూ కూర్చుంది. ఏమైందక్కా అని అడిగితే ఆ అమ్మాయి కార్డు నా ముందే తన సొరుగులో పెట్టి తాళం వేసింది.

"ఇగ ఆమె నర్సువి నువ్వు కాదు. నేను," అంది. అంతే.

ఆ అమ్మాయి నాకు మళ్లీ కనిపించలేదు. కొన్ని నెలలకు నా కాంట్రాక్టు అయిపోయింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో చేరాను, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అయినా ఒక్కటే ప్రశ్న. ఆ పిల్ల బతికుందా? ఉగాదికి ఫోను చేసినా అదే, దసరాకు చేసినా అదే అడిగేదాన్ని. వానలు పడ్డాయా, పిల్లలు బాగున్నారా అని ఆమె మాట మార్చేది. ఒక్క ముక్క, ఉందనో లేదనో చెబితే ఆమె సొమ్మేం పోతుందని ఎన్నిసార్లు ఏడ్చానో, ఎన్నిసార్లు తిట్టుకున్నానో. నా చేతులారా ఒక మనిషిని చంపుకున్నానేమో తెలియకుండా పదేళ్లు ఉద్యోగం చేశాను.

పోయిన ఏడాది ఎండాకాలంలో మా దవాఖానా వరండాలో ఆమె ఎదురొచ్చింది. రిటైరై అప్పటికి కొన్నేళ్లైంది, ఏన్కూరులో ఒక్కతే ఉంటోందని తెలుసు. ఫైలును గుండెకు ఆనించి, రాత లోపలి వైపు ఉండేలా పట్టుకుంది. నాకు ప్రాణం లేచివచ్చింది. అక్కా, మీరేంది ఇక్కడ అని అంత దూరం నుంచే కేకేశాను. నలుగురు తిరిగి చూశారు. ఆమె నన్ను నిదానంగా చూసి, ఎవలమ్మా నువ్వు అని పక్కనుంచి వెళ్లిపోయింది. సంతలో వంకాయల మీద పెట్టిన చూపే అది. మా జూనియర్ పిల్ల నన్ను చూసి నవ్వింది.

గంట తర్వాత నా వార్డులోనే మంచం ఎక్కింది. నేను వంగి ఆమె చేతిలో నరం వెతుకుతున్నాను.

"ఇన్నేండ్లాయె, నీ నోరు ఇంక గట్లనే ఉన్నది," అని మెల్లగా అంది. తర్వాత చుట్టూ చూసి, ఇక్కడ ఫ్యాను లేదా అని అడిగింది. మాది ఏసీ వార్డు, చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. పక్క మంచం తాలూకు మనిషి చెవి ఇటే వేసి కూర్చుంది. అక్క తన ఫోనులో భజన పాటలు గట్టిగా పెట్టింది. ఆ మోతలో నా చెవి దగ్గర చెప్పింది, తను ఇక్కడికి వస్తున్నట్టు చెల్లెలికి తెలియదని, తెలియవద్దని. సరేనన్నాను.

ఆమె పెళ్లి చేసుకోలేదు. తల్లిదండ్రులు పోయాక ఆ చెల్లెల్ని తనే పెంచి చదివించింది. చెల్లెలు కొత్తగూడెంలో టీచరు, ఆదివారాలు వచ్చి చూసి పోతుంటుంది. నాకూ బాగానే తెలుసు, అడవి అంచున మా పాత దవాఖానాకు ఎన్నోసార్లు వచ్చింది, ఆమెనూ అక్కా అనే పిలుస్తాను. ఇంత పెద్ద సంగతి ఆమె దగ్గర దాచడం నాకు నచ్చలేదు, ఆ మాటే అన్నాను. చెప్త, నేనే చెప్త, బతుకమ్మ పోనీ అంది. బతుకమ్మ పోయింది. దీపావళి పోనీ అంది. అదీ పోయింది. మూడు వారాలకోసారి వచ్చేది, భజన పాటలు పెట్టేది, ఇడ్లీ తినేది, మా జూనియర్లకు కేస్‌షీటు బోర్లించి పెట్టమని పాఠం చెప్పేది. ఒకసారి నేను గట్టిగానే అడిగాను, ఎందుకు దాస్తున్నారని.

"దానికి తెల్సిన దినం నుంచి నేను రోగినైత," అంది. "ఇంకొన్నాళ్లు అక్కగనే ఉంట."

ఒకరోజు ఆమె ఇలా మంచం మీద ఉండగానే చెల్లెలు నాకు ఫోను చేసింది. అక్క బాగా సన్నబడింది, షుగర్ అంటోంది, ఖమ్మం పోయి వస్తున్నానంటుంది, నీకేమన్నా కలుస్తదా అని. పది అడుగుల దూరంలో ఉన్న మనిషిని చూస్తూ, కలవక చాలా రోజులైందక్కా అని చెప్పాను. ఫోను పెట్టేశాక వెళ్లి చెప్పాను, మీ వల్ల అబద్ధాలాడుతున్నానని. ఆమె చట్నీ అద్దుకుంటూ తలూపింది. ఆ కోపంలోనే నా పాత ప్రశ్న మళ్లీ అడిగేశాను. ఇప్పుడైనా చెప్పండక్కా, ఆ పిల్ల బతికుందా?

"నా సంగతి ఎవలన్న అడిగితే ఏం చెప్తవ్?" అంది.

"తెల్వదని చెప్త."

"నేను గూడ గంతే."

ఈ మధ్యనే ఒక పొద్దున స్నానం చేసి, కుర్చీలో కూర్చుని, అలాగే పోయింది. చెల్లెలికి చెప్పకుండానే పోయింది. ఆమె మీద నాకు ఎంత కోపమో చెప్పలేను. అంత లెక్కగా బతికిన మనిషి ఈ ఒక్క పని రేపు రేపని వాయిదా వేసి, ఆ బరువు నా నెత్తిన పెట్టి పోతుందా?

దశదినకర్మకు ఏన్కూరు వెళ్లాను. టెంటు చిన్నదే వేశారు, జనానికి చాలడం లేదు. అడవి వైపు గూడేల నుంచి ఆటోలు కట్టుకుని వచ్చారు, ముసలీ ముతకా, చంకలో పిల్లలతో. ఇంత దూరం నుంచి ఇంతమందా అని చుట్టాలు ఆశ్చర్యపోతున్నారు. చెల్లెలు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, అక్క మీకెట్ల ఎరుక అని అడుగుతోంది. ఊకనే ఎరుకమ్మా అంది ఒకామె. ఇంకొకామె, సంతల చూసేది అంది. ఎవరిని అడిగినా అంతే. ఏ జబ్బుకు వచ్చారో, ఏ కష్టం చెప్పుకున్నారో ఒక్కరూ చెప్పలేదు.

భోజనాల బంతిలో చివర, విస్తరి ముందు గడ్డం మీద మూడు చుక్కలు. పక్కన ఎదిగిన ఆడపిల్ల. ఇంకో కాన్పు వచ్చిందో, వస్తే ఏమైందో నాకు తెలియదు. అన్నం కలుపుకుంటోంది. బతికుంది. నేను టెంటు గుంజ పట్టుకున్నాను. పరుగెత్తి పోయి చేతులు పట్టుకోవాలని, క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది. ఆమె తలెత్తి నన్ను చూసింది, గుర్తుపట్టింది కూడా. చూసి, తల వంచుకుని పిల్ల విస్తట్లో పప్పు వేసింది. ముందు మాట ఆమెది. ఆమె అనలేదు. నేను నిలబడ్డ చోటే నిలబడ్డాను.

చెల్లెలు వచ్చి నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయింది. బీరువాలో బట్టల కింద ఫైలు దొరికిందట, బోర్లించి ఉందట. మంచం మీద పెట్టి తెరిచింది. పైన మా దవాఖానా పేరు. లోపల ప్రతి కాగితం మీదా కోడి కెలికినట్టు ఒక సంతకం. అది నాది. నా అదృష్టం, దాన్ని నేను తప్ప ఎవరూ చదవలేరు.

గది ఉక్కగా ఉంది. చెల్లెలు మూలనున్న ఫ్యాను వేసింది. గడగడమంది. అదే ఫ్యాను, అదే గుడ్డపేలిక. దవాఖానాలో పాత సామాను తీసేసినప్పుడు వేలంలో అక్క కొనుక్కుందట, ఎందుకే ఈ డొక్కు ఫ్యాను అంటే నవ్విందట. గదంతా ఆ చప్పుడు నిండింది. ఇప్పుడు ఏమైనా చెప్పుకోవచ్చు, తలుపు అవతలికి ఒక్క ముక్క పోదు.

"నిజం చెప్పు," అంది చెల్లెలు. "గక్కడికి ఒక్కతే పోయేదా? సూది గుచ్చినప్పుడు పక్కన తెలిసినోళ్లు ఎవలన్న ఉన్నరా? గదొక్కటి తెలిస్తే చాలు నాకు."

ఉన్నాను అక్కా. ప్రతిసారీ నేనే ఉన్నాను. నా చెయ్యి పట్టుకునే పడుకునేది. ఇదంతా నాలుక మీదికి వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆమె కడుపులో మంట చల్లారుతుంది. చెప్పకూడదన్న మనిషి పోయింది, ఫైలు దొరికింది, ఇంకేం మిగిలింది దాచడానికి? అయినా అక్క నన్ను అడిగింది, నేను సరేనన్నాను.

"తెల్వదక్కా," అన్నాను.

చెల్లెలు నా మొహం చూసింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, ఏడుస్తూనే చిన్నగా నవ్వింది.

"నాకు ఎరికే. నీకు తెలిస్తే నీ కడుపుల ఒక్క దినం దాగది. అక్క ఎప్పుడూ గదే అనేది."

నన్ను నమ్మి ఆ వార్డుకు వచ్చిందా, నాకు తెలుసంటే ఎవరూ నమ్మరని వచ్చిందా? అడుగుదామంటే ఆమె లేదు. ఉన్నా చెప్పేది కాదు.

చప్పుడు ఎక్కువగా ఉందని చెల్లెలు ఫ్యాను ఆపబోయింది. ఉండనియ్యక్కా అన్నాను. ఆ చప్పుడులో నేను గొంతెత్తి ఏడ్చాను. బయట బంతిలో ఎవరికీ వినపడలేదు.